మనవడి భాష

పర్చూరు దగ్గర ఓ పల్లె. ఫిబ్రవరి ఎండకి కల్లంలో తేజ రకం మిరపకాయలు గలగలలాడుతున్నాయి. తాలుకాయలు ఏరే ఆడవాళ్ల మధ్య ఓ అమ్మాయి తనలో తనే ఏదో వల్లె వేసుకుంటోంది. నర్సింగ్ చదివింది. జర్మనీలో నర్సుగా చేరాలంటే ఆ భాషలో బీ-2 స్థాయి పరీక్ష గట్టెక్కాలి. పగలు కల్లంలో పని, రాత్రి ఫోన్లో పాఠాలు.

కల్లం ఆసామి ఆవిడ ఆ పిల్ల పక్కకు జరిగి కూర్చుంది.

"అమ్మాయ్, నాక్కూడా నాలుగు ముక్కలు నేర్పవే."

"నీకెందుకు మామ్మా?"

"నా మనవడు మ్యూనిక్‌లో పుట్టాడుగా. ఏడేళ్లొచ్చాయి. ఒక్కసారి మాట్లాడించరా అంటే, 'వాడికి జర్మన్ తప్ప రాదమ్మా, ఏం మాట్లాడతావు?' అంటాడు మావాడు. పసివాడికి రాకపోతే నేనే నేర్చుకుంటా. ఈ వయసులో వస్తదంటావా?"

"ఎందుకు రాదు? మా లూథరన్ చర్చిలో చెబుతారు, ఫాదర్ హయ్యర్ పుట్టింది జర్మనీలోనేనంట. అమెరికా నుంచి 1842లో మన గుంటూరు వచ్చేసరికి ఆయనకి 49 ఏళ్లు. అప్పుడు మొదలుపెట్టాడు తెలుగు."

"నాకింకో పదిహేనేళ్లు ఎక్కువ. అంతేగా! చెప్పు."

"'ఇష్ లీబె డిష్' అనకు మామ్మా. అది ఎక్కువగా మొగుడూ పెళ్లాలు, ప్రేమించుకున్నవాళ్లు అనుకునే మాట. పిల్లలతో, అయినవాళ్లతో 'ఇష్ హాబ్ డిష్ లీబ్' అంటారు. ముద్దుగా పిలవాలంటే 'మైన్ షాట్స్', నా నిధి అని. 'మోయ్స్‌షెన్' అన్నా ముద్దే, చిట్టెలుక అని."

"ఎలకా! బంగారం లాంటి పిల్లోణ్ణి ఎలకంటానా? నిధే బాగుంది."

"నాయనమ్మని 'ఓమా' అంటారు."

ఓమా. ఆ మాట దగ్గర ఆవిడ చేతులు కాసేపు ఆగిపోయాయి.

కొడుకు ఇంజనీరింగ్ కోసం ఎకరం పత్తిచేను అమ్మిన మనిషి. సంతకం తప్ప రాయడం రాదు. అయినా కాయ ఏరుతూ ఓ మాట, టిక్కీ కుడుతూ ఓ మాట నోటికి పట్టించుకుంది. నాలుక తిరగక తడబడితే మళ్లీ మొదటికొచ్చేది. చివరి టిక్కీ గుంటూరు యార్డుకి లారీ ఎక్కేసరికి తప్పు లేకుండా పలికింది. మనవడి మీద అంత ప్రేమ చూసి కల్లంలో కళ్లు తుడుచుకోనివాళ్లు లేరు.

ఏప్రిల్‌లో ఓ ఆదివారం. మనకి సాయంత్రం ఏడు, అక్కడ మధ్యాహ్నం మూడున్నర. ఆ పిల్ల తన ఫోన్ నుంచి వీడియో కాల్ చేసింది. కొత్త నంబరు. తండ్రి ఫోన్లో ఆడుకుంటున్న మనవడే ఎత్తాడు.

ఆవిడ కొంగు సర్దుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో మాటా పేర్చింది.

"హలో, మైన్ షాట్స్! ఇష్ బిన్ డైనె ఓమా. ఇష్ హాబ్ డిష్ లీబ్."

పిల్లాడు కళ్లు పెద్దవి చేసుకుని చూశాడు.

"ఫొటోలో నానమ్మవి కదూ! నీకు తెలుగు రాదా నానమ్మా? అమ్మమ్మకి వచ్చుగా! రోజూ నేను తనతో తెలుగులోనే మాట్లాడతా."