కొల్లేటి కొంగ: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

కొత్త లెన్సు కొంటి, కోపమ్ము వలదింక
నిదియె చివరిదనుచు నింటఁ జెప్పి
కోడికన్న ముందె కొల్లేటి గట్టునఁ
గొంగ కొరకు వంగి కూరుచుండె.

అవతారిక

కాళిదాసు కావ్యాలకు సంజీవని అనే వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మన మెదక్ సీమలోని కొల్చారం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ దారిలో నడవాలంటే మొదట మూలం ఉండాలి. కెమెరా భుజాన వేసుకుని ఆదివారం ఆదివారం చెరువుల వెంట తిరిగే గృహస్థు మీద పూర్వకవులెవరూ పద్యం చెప్పి పోలేదు. అందుకని పై ఆటవెలదిని ఈ వ్యాఖ్యాతే కట్టుకున్నాడు. మొదటి ఒట్టు దక్కింది. రెండోది కూడా దక్కాలంటే వ్యాఖ్య ఇక్కడే ఆపాలి, అది కుదరదు.

సందర్భం: ఊరు బెజవాడ. కాలం శీతాకాలం, జీతాలు పడిన వారం. పార్సిలు ఆఫీసు చిరునామాకు వచ్చింది. ఇంటి చిరునామా ఎందుకు ఇవ్వలేదన్నది వివాహితులైన పాఠకులకు విప్పి చెప్పనక్కర్లేదు.

ప్రతిపదార్థం

కొత్త = అట్టపెట్టె ఇంకా కారు డిక్కీలోనే ఉన్నట్టి; లెన్సు = దూరాన ఉన్న పిట్టను దగ్గరకూ, దగ్గర ఉన్న డబ్బును దూరానికీ చేర్చే గాజు సాధనం; కొంటి = కొంటిని (వాయిదాల మీద అని శేషం); కోపమ్ము = ఇల్లాలి ఆగ్రహం; వలదు ఇంకన్ = ఇక వద్దు; ఇదియె చివరిది అనుచున్ = దీని అర్థం కింద విడిగా విచారించబడుతుంది; ఇంటన్ చెప్పి = వంటింటి గుమ్మం దగ్గర, బయటికి పోయే దారి వదలకుండా నిలబడి చెప్పి; కోడికన్న ముందె = తెల్లవారుజామున; కొల్లేటి గట్టునన్ = కొల్లేరు గట్టు మీద; కొంగ కొరకున్ = కొంగ అనే మిషతో; వంగి = నడుము వంచి; కూరుచుండె = కూర్చున్నాడు.

అన్వయం

పద్యంలో కర్త కనిపించడు. చెప్పినవాడెవడు, కూర్చున్నవాడెవడు? అధ్యాహారం చేసుకోవాలి. ఏ ఇంట్లో చదివినా ఆ పేరు ఇంటివాళ్ళకు తెలిసే ఉంటుంది కాబట్టి కవి అక్షరాలు ఆదా చేశాడు.

తాత్పర్యం

ఒకానొక గృహస్థు ఇంట్లో చెప్పకుండా లెన్సు కొని, కొన్నాక చెప్పి, మర్నాడు చీకటితో లేచి కొల్లేరు పోయి కొంగ కోసం కాచుకున్నాడు. కొంగ వచ్చిందో లేదో కవి చెప్పలేదు.

విశేషాలు

లెన్సు: ఎన్ని మిల్లీమీటర్లదో మూలంలో లేదు. అయినా తెలుసుకోవచ్చు. పగలు అన్నం ముట్టని దేవదత్తుడు లావుగా ఉన్నాడంటే రాత్రి తింటున్నాడని తేల్చడాన్ని మీమాంసకులు అర్థాపత్తి అంటారు. కొల్లేరు గట్టున కూర్చుని కొంగను తీయదలచినవాడి చేతిలో 50 మిల్లీమీటర్ల లెన్సు ఉండదు. దానితో తీస్తే చిత్రంలో కొల్లేరు పడుతుంది, కొంగ చుక్కలా మిగులుతుంది. కనుక ఇది 600 వరకూ సాగే జూమ్ అని అర్థాపత్తి ప్రమాణం. ఈ జాతిలో బాగా చెలామణి అయింది సోనీ వారి 200-600. 2019లో వచ్చింది, బరువు రెండు కిలోల పైచిలుకు.

శంక: 600 మిల్లీమీటర్ల లెన్సే పది లక్షలు దాటి కూడా ఉంది కదా, అది ఎందుకు కాకూడదు?

సమాధానం: కాకూడదనడానికి కారణం లెక్కలో ఉంది. లెన్సు మీద ఎఫ్ అని రాసి పక్కన ఉండే అంకె, నాభ్యంతరాన్ని లోపలి రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది. పైన చెప్పిన జూముకు 600 దగ్గర ఆ అంకె 6.3. అంటే 600ను 6.3తో భాగించాలి, 95 మిల్లీమీటర్ల వెడల్పు చాలు. పది లక్షల దానికి ఎఫ్ 4, అంటే 150 మిల్లీమీటర్ల గాజు పట్టాలి. అంత వెడల్పు గాజును మచ్చ లేకుండా పోసి, అరగదీసి, అలాంటివి వరుసగా పేర్చేసరికి ధర ఇంటి అడ్వాన్సుతో పోటీ పడుతుంది. అదే కొని ఉంటే రెండో పాదంలో "ఇంటఁ జెప్పి" అన్న మాట ఉండేది కాదు. చెప్పలేడు.

ఇంతటి లెన్సుకు మొదటి విషయం ఏది? కొంగ అని మూలం. శాస్త్రం వేరు, ఆచారం వేరు. పార్సిలు విప్పిన సాయంత్రం ఆ లెన్సు చూసేది గోడగడియారాన్ని, తులసికోటను, పక్కింటి వాటర్ ట్యాంకు మీది కాకిని, ఆరేసిన చీర అంచును. ఇక్కడ ఒక చిక్కుంది. పైన చెప్పిన లెన్సు రెండు మీటర్ల నలభై సెంటీమీటర్ల కంటే దగ్గర ఉన్నదాని మీద ఫోకస్ పట్టదు. హాల్లో గడియారం తీయాలంటే వెనక్కి వెనక్కి నడిచి వంటింట్లోకి వెళ్ళాలి. "ఏమండీ, పోపు మాడుతోంది, జరగండి" అన్న వాక్యం ఆ సమయంలోనే పుట్టింది. మనిషి ముఖం తీద్దామన్నా ఆ మనిషిని వీధి గుమ్మం దాకా పంపాలి.

ఈ వ్యాఖ్యాత తీర్పు అడిగితే, ఆ సాయంత్రం తీసిన కాకే మర్నాటి కొంగ కంటే మంచి చిత్రం. కాకి ఏ వేళకు వస్తుందో, ఏ మూల వాలుతుందో, వాలేముందు మెడ ఎటు తిప్పుతుందో ఇంటివాడికి తెలుసు. కొంగతో అంత పరిచయం లేదు. ఫ్రెంచి ఫోటోగ్రాఫరు ఆంరి కార్టియే-బ్రెసాఁ అంతటివాడు జీవితమంతా దాదాపు ఒక్క 50 మిల్లీమీటర్ల లెన్సుతో వీధుల్లో మనుషుల్ని తీస్తూ గడిపాడు. ఈ సంగతి మన గృహస్థుకు తెలుసు. తెలిసే 50 కూడా కొన్నాడు, ఇది దాని పైన.

కోపమ్ము: ఆటవెలదిలో నాలుగో గణం మొదటి అక్షరానికీ పాదం మొదటి అక్షరానికీ యతి కుదరాలి. కొత్త లెన్సులోని 'కొ'కు కోపమ్ములోని 'కో' సరిగ్గా కుదిరింది. కొత్త లెన్సు ఉన్న పాదంలో కోపం తప్పదని ఛందస్సే చెబుతోంది. ఇక ఆ కోపానికి గృహస్థు చెప్పే ఉపశాంతి మంత్రాలు కొన్ని ఉన్నాయి. 2019 జనవరి 1 నుంచి డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించారు. ఆ తరవాత కెమెరా బాడీ కొన్న వాళ్ళు ఖర్చు చేశామని అనలేదు, పది శాతం మిగిల్చామన్నారు. మిగిలిన ఆ పది శాతమే లెన్సుకు బయానా అయింది.

ఇదియె చివరిది: వ్యాఖ్యాతల మధ్య గొడవ వచ్చే చోటు ఇదే. అబద్ధమని ఒక పక్షం. ఆ పక్షాన్ని ఇల్లాళ్ళు సమర్థిస్తారు. అతిశయోక్తి అలంకారమని రెండో పక్షం. ఈ వ్యాఖ్యాత మతం ఏమిటంటే, గృహస్థు అక్షరాలా నిజమే చెప్పాడు, వాక్యంలో "ఈ మౌంటుకు" అన్న మాట ఒక్కటే మింగాడు. మౌంటు అంటే కెమెరా బాడీకి లెన్సు బిగిసే మూతి. 2018లో నికాన్ జెడ్ మౌంటుతోనూ, కెనాన్ ఆర్ఎఫ్ మౌంటుతోనూ అద్దం లేని కెమెరాలు తెచ్చాయి. అంతకు ముందు పదేళ్ళుగా పోగుచేసిన లెన్సులు కొత్త బాడీకి నేరుగా బిగవవు. మధ్యలో అడాప్టరు కావాలి. అడాప్టరు కొన్నాక, అడాప్టరు లేకుండా బిగిసే లెన్సు ఉంటే హాయి కదా అనిపిస్తుంది. అలా పాత మౌంటుకు చివరిది కొనడం, కొత్త మౌంటుకు మొదటిది కొనడం పక్కపక్క నెలల్లో జరుగుతాయి. మొదటిది కొన్నప్పుడు "చివరిది" అన్న ప్రమాణం భంగం కాలేదని ధర్మశాస్త్రం తెలిసినవారు ఒప్పుకోవాలి.

ఇంటఁ జెప్పి: చెప్పగా ఇంట్లో ఏమన్నారో మూలం చెప్పలేదు. "పోయిన దసరాకు కూడా ఇదే అన్నారుగా" అని సంప్రదాయ పాఠం. ఆ మాటలన్నవాళ్ళు ధర అడగకుండా బరువెంత అని అడిగితే గృహస్థు నిజమే చెబుతాడు. ధర విషయంలో అతను చెప్పే అంకె బిల్లులో సగం ఉండడం ఆనవాయితీ.

కోడికన్న ముందె: సూర్యుడు దిగంతం మీద ఉన్నప్పుడు కిరణాలు ఎక్కువ గాలిలోంచి రావాలి. నీలం చెదిరిపోయి బంగారు రంగు మిగులుతుంది, నీడలు పొడుగవుతాయి. ఆ వెలుగు ఎంతోసేపు నిలవదు. ఇది వాచ్యార్థం. ధ్వని ఏమిటంటే, బిల్లు గురించిన రెండో ప్రశ్న ఉదయం కాఫీ దగ్గర పుడుతుంది, ఆ వేళకు ఊళ్ళో ఉండకూడదు.

కొల్లేటి గట్టునఁ: కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న మంచినీటి సరస్సు. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. లోపల తవ్విన చేపల చెరువుల గట్లను 2006లో కొట్టించారు. బెజవాడ నుంచి గుడివాడ మీదుగా కైకలూరు, అక్కడికి కూతవేటు దూరంలో ఆటపాక. కొల్లేరు అని ఫోటోగ్రాఫర్లు అంటే ఎక్కువగా ఆటపాకే. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు అక్కడ గూళ్ళు కడతాయి. చెట్లు చాలక అటవీ శాఖ నీళ్ళలో ఇనుప స్టాండ్లు పాతించింది. వాటి మీద గూళ్ళు, గూళ్ళలో పిల్లలు.

ఇక్కడ వ్యాఖ్యాత కాసేపు వేళాకోళం పక్కన పెడతాడు. ఆటపాక నుంచి తెచ్చిన చిత్రాల్లో రెక్క విప్పిన గూడబాతు ఉంటుంది, ముక్కులో చేప ఉంటుంది, ఇనుప స్టాండు మాత్రం ఉండదు. ఫ్రేములోంచి తప్పిస్తారు, తప్పకపోతే కంప్యూటర్ మీద చెరిపేస్తారు. ఆ సరస్సుకు ఏం జరిగిందో చెప్పే వస్తువు ఫోటోలో అదొక్కటే. రెండు కిలోల గాజు మోసుకెళ్ళి, ఉన్నదాన్ని లేకుండా చూపించి రావడం ఏ శాస్త్రానికీ ఒప్పదు.

కొంగ: ఏ కొంగ? తెల్లకొంగా, ఎర్రకాళ్ళ కొంగా, ముక్కు మధ్య సందు ఉండే నత్తగుల్ల కొంగా? కవి విశేషణం వేయలేదు. వేయకపోవడం వల్ల గుడ్డికొంగ కూడా అర్థంలోకి వస్తుంది. గుడ్డికొంగ కోసం కొల్లేరు దాకా పోనక్కర్లేదు. ఏ మురుగు కాలవ పక్కన చూసినా మట్టిరంగులో ముడుచుకుని కూర్చుని ఉంటుంది. కూర్చున్నంతసేపూ కంటికి ఆనదు. ఎగిరినప్పుడు రెక్కలు తళుక్కున తెల్లగా విచ్చుకుంటాయి. ఫోటోగా పట్టడం కష్టం కాబట్టి తీయదగినదే. ఇంటి ముందు కాలవ దగ్గర తీస్తే ఫోటోకు కింద ఊరి పేరు ఏమని పెట్టాలన్న సమస్య ఒక్కటే మిగులుతుంది.

వంగి: రాజా దీన్ దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫోటోలు తీసిన రోజుల్లో ఫోటోగ్రాఫరు నల్లగుడ్డ కింద వంగేవాడు. గాజు పలక మీద తలకిందులుగా పడే బొమ్మ కనబడాలంటే చీకటి కావాలి. 1892లో ఆయన హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిపించాడు. ఆ కాలపు వంగడానికి కారణం బొమ్మ. మన గృహస్థు వంగడానికి కారణం బరువు. ట్రైపాడు తెచ్చుకోలేదా అంటే, తెచ్చుకోలేదు. ఉన్న ట్రైపాడు ఇంత లెన్సుకు ఆగదు. ఆగేది ఇంకా కొనలేదు. "చివరిది" అన్న మాట లెన్సు గురించే కానీ ట్రైపాడు గురించి కాదని పైన చెప్పిన ధర్మశాస్త్రజ్ఞులు గమనించగలరు.

కూరుచుండె: వాక్యం ఇక్కడ ఆగింది, షట్టరు నొక్కినట్టు లేదు. నొక్కి ఉంటే ఏమయ్యేదో లెక్క తెలిసిందే. సెకనుకు 20 చొప్పున పది సెకన్లు వేలు తీయకపోతే 200 ఫోటోలు. 24 మెగాపిక్సెళ్ళ ముడి ఫైలు ఒక్కోటి పాతిక ఎంబీ అనుకున్నా ఐదు జీబీ. రెండు వందలూ ఒకే కొంగ, ఒకే కాలు మీద. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ తయారు చేసిన మొదటి డిజిటల్ కెమెరా ఒక్క బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకుంది. ఆ కెమెరా చేతిలో ఉన్నవాడు నొక్కేముందు ఆలోచించి ఉంటాడు.

రసం: మొదటి పాదంలో రౌద్రం, చివరి పాదంలో శాంతం. బీభత్సం పద్యంలో లేదు, వానాకాలంలో వస్తుంది. మన కోస్తా తేమకు లెన్సు లోపలి గాజు మీద బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. సిలికాజెల్ పొట్లాలు, గాలిలో తేమను 40-50 శాతం దగ్గర ఉంచే పెట్టె, ఇవి దానికి విరుగుడు. ఆ పెట్టె కొత్త ఖర్చు కిందికి వస్తుందా, పాత ఖర్చుకు రక్షణ కిందికి వస్తుందా అన్నది ఇంటింటికీ మారే మీమాంస.

పాఠాంతరాలు

"కొత్త లెన్సు వచ్చె" అని ఒక పాఠం. లెన్సు తనంతట తానే నడిచి వచ్చిందని భావం. గణాలు సరిపోతాయి, గృహస్థులు ఈ పాఠాన్నే ఎక్కువ ఇష్టపడతారు. "పాత లెన్సు కొంటి" అని సెకండ్‌హ్యాండ్ పాఠం ఒకటి, "అద్దె లెన్సు తెస్తి" అని ఇంకొకటి ఉన్నాయి. వారాంతానికి లెన్సు అద్దెకు ఇచ్చేవాళ్ళు పెద్ద ఊళ్ళలో ఉన్నారు. ఒక ఆదివారం మోసి చూస్తే భుజమే చెప్తుంది కొనాలో వద్దో. రెండూ ఇంటి లెక్కకు మేలైన పాఠాలు. కాని 'పా'కూ 'కో'కూ, 'అ'కూ 'కో'కూ యతి చెల్లదు. అందువల్ల పండితులు తోసిపుచ్చారు.

విజ్ఞప్తి

ఈ పద్యం చదివి ఆటపాక బయల్దేరే పాఠకులకు రెండు మాటలు. ఇనుప స్టాండు ఫ్రేములో పడితే పడనివ్వండి. గూళ్ళు కట్టే కాలంలో, ఇంకొంచెం దగ్గరికి పోనివ్వమని పడవవాణ్ణి అడగకండి. మీ చేతిలో 600 ఉన్నది అందుకే. పడవ దగ్గరికొస్తే తల్లిపక్షి లేస్తుంది, గుడ్ల కోసం కాకులు కాచుకుని ఉంటాయి.