డబ్బాకు మాత్రం పాతికేళ్ల హామీ

అమెరికాలో తూటాలు ఇంట్లోనే తయారుచేసుకునే ఒక జాతి ఉంది. రీలోడర్లు అంటారు. షూటింగ్ రేంజిలో పేల్చేసిన ఖాళీ ఇత్తడి కేసుల్ని వంగి వంగి ఏరుకొస్తారు. ఇంటికి తెచ్చి తోమి, మందుకు నిప్పంటించే పాత ప్రైమరు ఊడగొట్టి కొత్తది కూర్చి, మందు తూచి పోసి, పైన గుండు బిగిస్తారు. గ్రాములో పదిహేనో వంతుండే గ్రెయిన్ వాళ్ల కొలమానం. అందులో మళ్లీ పదో వంతు తేడా వచ్చినా ఆ రాత్రి నిద్రపట్టదు. అలా చేసిన తూటాలను యాభై గళ్లో వంద గళ్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో నిలబెట్టి, మూతకు చీటీ అంటిస్తారు: ఏ మందు, ఎంత, ఏ గుండు, ఏ తేదీ. మా అమ్మమ్మ ఆవకాయ జాడీల మీద కూడా ఇంత శ్రద్ధ పెట్టలేదు.

ఇంతటి శాస్త్రజ్ఞుడికి ఒకరోజు డబ్బా మూత చేతిలోకి ఊడొస్తుంది. మడతబందు విరిగింది. దాంతో ధర్మసందేహం మొదలు. కంపెనీకి రాసి కొత్తది అడగొచ్చా? అడిగితే బాగుంటుందా? అడిగినవాణ్ని నలుగురూ ఏమనుకుంటారు? గాండీవం జారవిడిచిన అర్జునుడికి ఎదురుగా నిలబడ్డది తాతలూ గురువులూ. ఈయనకు ఎదురుగా నిలబడ్డది ఆరు డాలర్లు.

అవును, డబ్బా ఖరీదు అంతే. ఐదారు డాలర్ల నుంచి మొదలు, పెద్దదైతే ఇంకాస్త. దాన్ని పెట్టిన బల్ల మీద వెయ్యి డాలర్ల రైఫిలుంటుంది, దాని నెత్తిన ఇంచుమించు అంతే ఖరీదు చేసే స్కోపుంటుంది, పక్కన తూకం యంత్రం, ప్రెస్సు, అచ్చులు. 2020లో కరోనా వచ్చి తూటాలకు కరువొచ్చినప్పుడు 9 ఎంఎం తూటా ధర రెట్టింపు దాటితే, ఈయనే తెల్లవారకముందే దుకాణం ముందు వరసలో నిలబడి, మారుమాట లేకుండా చెల్లించాడు. ప్రైమర్లు నాలుగు డాలర్లు తక్కువకు దొరుకుతున్నాయని తెలిస్తే నలభై మైళ్లు కారేసుకుని వెళ్లొస్తాడు. డబ్బు విషయంలో ఆయనకెప్పుడూ మొహమాటం లేదు. రాసిచ్చిన మాట నిలబెట్టుకోమని అడగడానికి మాత్రం ఎక్కడ లేని పెద్దరికం ముంచుకొస్తుంది.

“ఇంతోటి దానికి వాళ్లను ఇబ్బంది పెట్టడమెందుకండీ?” అంటాడు. “పాపం, ఇక్కడే అమెరికాలో తయారుచేస్తున్నారు. కుటుంబ వ్యాపారం.” మనవాళ్లకు ఈ వాదన కొత్తేమీ కాదు. పెళ్లిభోజనంలో వడ్డించేవాడు మనల్ని దాటుకుని వెళ్లిపోయినా పిలవకుండా, ఆకలి లేదని చెప్పుకునే వంశాలు మనవి. టెక్సస్‌కు వలసొచ్చి, ఆదివారాలు రేంజిలో చెవులకు మఫ్లు తగిలించుకుని ఫొటోలు దిగుతున్న మన కుర్రాళ్లు ఆ వంశాచారాన్ని తుపాకుల దాకా తీసుకెళ్లారు. మూత ఊడితే రబ్బరు బ్యాండు వేస్తారు. రబ్బరు బ్యాండు తెగితే టేపు వేస్తారు. టేపు జిగురు డబ్బాకంతా అంటుకుని, తూటాలకు కూడా అంటుకోబోతున్న దశలో కొత్త డబ్బా కొంటారు, అదే కంపెనీది.

ఇక కంపెనీ సంగతి. మడతబందుకు పాతికేళ్ల హామీ అని ముద్రించి అమ్మే డబ్బాలున్నాయి. పాతికేళ్లు! వియ్యాలవారు కూడా అంత కాలానికి మాటివ్వరు. కానీ తెలివితక్కువతనం వల్ల రాసిన అంకె కాదది. దుకాణంలో ఇచ్చే బిల్లు వేడి తగిలితే నల్లబడే కాగితం. కొన్నాళ్లకు దాని మీద అక్షరాలు చదవాలంటే భూతద్దం చాలదు, భక్తి ఉండాలి. ఆ బిల్లు పోతుంది, ఇల్లు మారుతుంది, కొన్న దుకాణం మూతపడుతుంది, కొన్నవాడికి బట్టతల వస్తుంది. ఇవన్నీ దాటుకుని ఎవడైనా విరిగిన డబ్బా ఫొటో తీసి పంపితే, వాడి పట్టుదలకు మెచ్చి ఒక డబ్బా పంపినా కంపెనీకి పోయేదేమిటి? అచ్చులోంచి నిమిషానికి ఎన్నో ఊడిపడే ప్లాస్టిక్కు. హామీ వల్ల వాళ్లకయ్యే ఖర్చును తగ్గించి పెడుతున్నది లాయర్లు కారు, రబ్బరు బ్యాండు వేసుకునే పెద్దమనుషులు.

విరగడం వెనక ఉన్న సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే అడగొచ్చా లేదా అన్న ప్రశ్నకు నిజమైన జవాబు ధర్మశాస్త్రంలో లేదు, ప్లాస్టిక్కులో ఉంది. ఈ డబ్బాలకు ఎక్కువగా వాడేది పాలీప్రొపిలీన్. మడతబందులు రెండు రకాలు. ఒకటి, డబ్బా, మూత ఒకే ముక్కగా పోతపోసి మధ్యలో సన్నటి పట్టీ వదిలేది. అచ్చులోంచి బయటికొచ్చిన వేడి మీద దాన్ని ఒకసారి మడిస్తే లోపలి పోగులన్నీ ఒకే దిక్కుకు సర్దుకుంటాయి. ఆ తర్వాత లక్షలసార్లు మడిచినా తెగదు. షాంపూ సీసా మూత రోజూ తెరిచేవాళ్లకు ఇది అనుభవమే. రెండోది తలుపు బందులాగా పిన్ను మీద తిరిగేది. పాతికేళ్ల మాట ఇచ్చేది దీనికే.

మరి ఎందుకు విరుగుతుంది? పాలీప్రొపిలీన్‌కు చలంటే పడదు. సున్నా డిగ్రీల చుట్టుపక్కలకు రాగానే సాగే గుణం పోయి పెళుసెక్కుతుంది. మిన్నెసోటాలో జనవరి నెలంతా గరాజులో పెట్టిన డబ్బాను పొద్దున్నే తీసి ఠక్కున తెరిస్తే అది చేసే చప్పుడే వేరు. ఎండ కూడా పడదు. అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్కు గొలుసుల్ని లోపల్నుంచి కొరికేస్తాయి. ఆరిజోనాలో కారు వెనకద్దం కింద ఏడాదంతా ఉంచిన డబ్బా మీద సున్నం పూసినట్టు తెల్లటి పొడి లేస్తుంది. ఆ పైన బరువు. .308 తూటాలు యాభై అంటే కిలో పైమాటే. ఆ డబ్బాను కింద చెయ్యి పెట్టకుండా మూత పట్టుకుని ఎత్తే మహానుభావులున్నారు. వాళ్లు కంపెనీకి రాయకూడదు, క్షమాపణ చెబితే చాలు.

నా తీర్పు ఇది. నీడలో, గది వేడిలో ఉండి, మామూలుగా తెరిచి మూస్తుండగా విరిగిన మడతబందుకు అడగాలి, సిగ్గుపడకుండా అడగాలి. ఎండలో ఉడికినదానికి, పికప్ ట్రక్కు కింద పడ్డదానికి అడక్కూడదు. ఇందులో మీమాంస ఏముందో నాకు అర్థం కాదు.

అడక్కూడనివాళ్లు అడిగితే ఏమవుతుందో కూడా చూశాం. ఎల్.ఎల్. బీన్ కంపెనీ జీవితకాలం వాపసు తీసుకుంటామని దశాబ్దాల పాటు చెప్పి, 2018లో ఏడాదికి కుదించుకుంది. పాత సామాన్ల అంగట్లో కొన్న బూట్లు కూడా తెచ్చి కొత్తవి ఇమ్మన్నారు జనం. ఆర్.ఇ.ఐ. అనే మరో కంపెనీ అంతకుముందే, 2013లో, తన వాపసు గడువును అలాగే కుదించుకుంది. దీన్ని చూపించి మన రబ్బరు బ్యాండు పెద్దమనిషి “చూశారా, అందుకే అడక్కూడదు” అంటాడు. దొంగ అడిగాడని దొర మానుకోవడమన్నమాట. ఆ కంపెనీల హామీని చంపింది అబద్ధపు అడగడం. నిజమైన అడగడం వల్ల ఏ హామీ చచ్చినట్టు నేను వినలేదు.

“హక్కు సంగతైతే చట్టముంది కదా, అదే చూసుకుంటుంది” అనేవాళ్లకు ఆ చట్టం చూపిస్తాను. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం. చాలా మంచి చట్టం. రాతపూర్వకంగా హామీ ఇచ్చేవాడు అది పూర్తి హామీయో పరిమిత హామీయో పైనే చెప్పాలంటుంది, కాకపోతే పది డాలర్లకు మించిన వస్తువుకు. మన డబ్బా ఆ గీత కింద నుంచి పాక్కుంటూ వెళ్లిపోతుంది. ఆ చట్టం పట్టుకుని ఫెడరల్ కోర్టుకెక్కాలంటే ఒక్కొక్కరి దావా 25 డాలర్లకు తగ్గకూడదు, అన్నీ కలిపి 50,000కు తగ్గకూడదు. లెక్కేసి చూశాను: ఆరు డాలర్ల డబ్బాలు ఎనిమిది వేల మూడొందల పైచిలుకు విరిగితేగానీ న్యాయదేవత కళ్లగంత విప్పదు. కాబట్టి ఆరు డాలర్ల వస్తువు మీద హామీకి దిక్కు రెండే: రాసినవాడి మాట, చదివినవాడి నోరు. రెండోది మూసుకుంటే మొదటిదానితో పనే లేదు.

అసలు విడ్డూరం ఇంకా ముందుంది. ఈయన గరాజులో ఎవడెవడు దేనికి పూచీ పడ్డాడో ఒకసారి చూడండి. తుపాకీ కంపెనీలు చాలావరకు తమ పుస్తకంలో స్పష్టంగా రాస్తాయి: రీలోడ్ చేసిన తూటాలు వాడితే మా వారంటీ చెల్లదు. ఈయన మొదటి తూటా చేసి గొట్టంలో పెట్టిన రోజే వెయ్యి డాలర్ల రైఫిలు వారంటీ గాలికి పోయింది. దానికి ఒక్క నిట్టూర్పు విడవలేదు. ఇక తూటాకు వారంటీ అంటారా, తయారీదారు ఈయనే. పేలకపోతే తన మీద తనే ఫిర్యాదు చేసుకుని, తనే జవాబు రాసుకోవాలి. మందు ఎక్కువై గొట్టం పగిలితే ఆ రాసుకోవడం ఎడం చేత్తో.

ప్రభుత్వం చూడదా? వినియోగ వస్తువుల వల్ల ప్రమాదాలు రాకుండా చూడటానికి అక్కడ 1972లో చట్టం చేసి ఒక కమిషన్ పెట్టారు. ఊయలలు, బొమ్మలు, నిచ్చెనలు, టోస్టర్లు దాని పరిధిలోవే. తుపాకులు, తూటాలు కావు. ఎవరికైనా అనుమానం మిగిలిపోతుందేమోనని 1976లో ఆ సంగతి మరోసారి గట్టిగా రాసుకున్నారు. అంటే ఆ కమిషన్ దృష్టిలో ఈ ప్లాస్టిక్ డబ్బా ఒక వస్తువు. అంచు గీసుకుని వేలు తెగితే పట్టించుకుంటుంది. అందులో నిలబెట్టిన యాభై తూటాలూ దాని కంటికి ఆనవు. ఆ తూటాలను ఎవడో నేరానికి వాడితే? తుపాకులు, తూటాలు చేసేవాళ్ల మీద అలాంటి దావాలు పడకుండా, కొన్ని మినహాయింపులు తప్పించి, 2005లో ఇంకో చట్టం గోడ కట్టింది.

అలా చూస్తే రైఫిలు, తూటా, డబ్బా, ఈ మూడింట్లో, పాతికేళ్ల పాటు నాదీ బాధ్యత అని ఎవరైనా ముందుకొచ్చి సంతకం పెట్టినది ఒక్కదానికే, మూత మడతబందుకు. ఇంత పెద్ద దేశంలో అంత చిన్న పూచీ దొరికితే, దాన్ని కూడా “వద్దులెండి, ఎందుకు శ్రమ” అని తిరిగిచ్చేసే ఔదార్యాన్ని ఏమనాలి?

ఇండియాలో ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు. ఆయుధాల లైసెన్సు ఉన్నవాడు కూడా ఏడాదికి ఇన్ని తూటాలే అన్న కోటాలో కొనుక్కోవాలి, వాడినవాటికి లెక్క చెప్పాలి. ఎన్నికలొస్తే చాలాచోట్ల తుపాకీని తీసుకెళ్లి పోలీస్ స్టేషన్లో జమచేసి రసీదు తెచ్చుకోవాలి. ఆ రసీదుకు మూతా ఉండదు, మడతబందూ ఉండదు.

కాబట్టి అమెరికాలో ఉన్న మన రీలోడరు మహాశయులకు విన్నపం. విరిగిన చోటు వెలుతురులో పెట్టి ఒక ఫొటో తీయండి. డబ్బా అడుగున ఉన్న మోడల్ నంబరుకు ఇంకో ఫొటో. “మూత బందు విరిగింది, మీ హామీ ప్రకారం మార్చి ఇవ్వగలరు” అని రెండు ముక్కలు రాయండి. మీ తాతగారు రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లిన సంగతి, ఈ దేశపు తయారీ రంగం మీద మీ అభిమానం, అడుగుతున్నందుకు మీ మనోవేదన, ఇవేవీ అక్కర్లేదు. బిల్లుంటే జతచేయండి, లేకపోతే లేదని చెప్పండి. ఇస్తే తీసుకోండి. ఇవ్వకపోతే ఆ కంపెనీ అంకెకు విలువెంతో తేలుతుంది, వచ్చేసారి ఇంకోటి కొనండి, లేదా సైన్యం అమ్మేసిన పాత ఇనప డబ్బా తెచ్చుకోండి. దానికి రబ్బరు చుట్టు ఉంటుంది, తేమ దూరదు, ఎత్తడానికి పైన పిడి కూడా ఉంటుంది.

ఒకవేళ పాత డబ్బా వెనక్కి పంపమని అడిగితే, ప్రతి గడీ తడిమి చూసి ఖాళీ చేసి పంపండి. అమెరికా తపాలా శాఖ తూటాలు మోయదు. ఒక్కటి మిగిలిపోయినా మీరు సంజాయిషీ రాయాల్సింది డబ్బా కంపెనీకి కాదు.