ఎలుక గారి ఓపెన్ యాక్సెస్

కొండను తవ్వి ఎలుకను పట్టడం మనకు ఎగతాళి. లండన్‌లో హెన్రీ కోల్ అనే రికార్డుల ఉద్యోగి 1836లో నిజంగానే ఆ పని చేశాడు. పాత రాజపత్రాల దుస్థితి మీద విచారిస్తున్న పార్లమెంటు కమిటీ ముందు ఎండి కొయ్యబారిన ఎలుకను సాక్ష్యంగా పెట్టాడు. దాని పొట్ట నిండా నమిలిన రికార్డులే. అనుమతి అడగకుండా, రుసుము కట్టకుండా, ఏ దొరగారి సిఫార్సూ లేకుండా రాజుగారి పత్రాల లోతుల్లోకి వెళ్ళిన పాఠకుడాయన. జీర్ణించుకునే వ్యవధి చాలలేదు, అంతే. అది ఏ పరిశోధకుడికి చాలింది కనుక!

ఆయన బలిదానం వృథా పోలేదు. 1838లో చట్టం వచ్చింది, పబ్లిక్ రికార్డ్ ఆఫీసు వచ్చింది. ఎలుక గారికీ కేటలాగులో సొంత నంబరు దక్కింది. ఇప్పటికీ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో కొలువున్నారు (క్యూ అంటే ఊరే లెండి, లైను కాదు). ఆయన పొట్టలో ఉన్నది ఏ రాజుగారి పద్దో, దానికి మాత్రం నంబరు ఎవరివ్వగలరు?

రోమ్ సంగతి చూడండి. 1810లో నెపోలియన్ పోపుల పత్రాలను పెట్టెలకెత్తి పారిస్‌కు తోలించాడు. ఆయన పతనమయ్యాక వెనక్కి తెచ్చుకోబోతే బండి కిరాయి తడిసి మోపెడవుతుందని, పోపుగారి మనిషే బోలెడు కట్టలను అక్కడే చిత్తుకాగితాల లెక్కన అమ్మేశాడు. శత్రువు మోసుకెళ్ళాడు, సొంతవాడు తూకానికేశాడు. మిగిలింది 1881లో పరిశోధకులకు తెరిచారు. 2019లో ‘రహస్య’ అన్న మాట వాటికన్ ఆర్కైవ్ బోర్డు మీంచి తీసేసి ‘అపోస్తలిక’ అని రాశారు. లోపల 85 కిలోమీటర్ల అరలు. బోర్డు మార్చడం ఒక్క పూట పని, అరల్లో ఏముందో రాయడం తరాల పని. ఏది ముందు చేస్తారో మీకూ తెలుసు.

రహస్యానికి అసలు తాళమే అక్కర్లేదు, జాబితాలో ఒక తప్పు పంక్తి చాలు. టెంప్లర్లనే క్రైస్తవ సైనిక సన్యాసుల పెద్దలకు పాపక్షమ లభించిందని చెప్పే 1308 నాటి షినో పత్రం అలాగే శతాబ్దాలు నిద్రపోయింది. 2001లో బార్బరా ఫ్రాలే కంటపడింది. ఇక లోకానికి పంచాలి కదా! 2007లో టెంప్లర్ల మీద జరిగిన విచారణ పత్రాల నకళ్ళు 799 వేసి, ఒక్కోటి 5,900 యూరోలన్నారు. ‘క్రీస్తు పేద సైనికులం’ అని పేరు పెట్టుకున్న వాళ్ళ కాగితాలు అవి.

ఇప్పుడు స్కానర్ల యుగం. యంత్రానికి కొబ్బరికాయ కొడతారు, రిబ్బను కత్తిరిస్తారు, లక్షల ఫొటోలని పత్రికలకు చెబుతారు. ఫొటో తెరిస్తే పేరు 0412. తర్వాతది 0413. లోపలి రాత రాసిన మధ్యయుగ లాటిన్ గుమాస్తా అక్షరాల్లో పరమ పొదుపరి. ‘పి’ అక్షరం కాలికి అడ్డగీత కొడితే ‘పెర్’, వంకీ తగిలిస్తే ‘ప్రో’, నెత్తిన గీత గీస్తే ‘ప్రే’. కెమెరాకు మూడూ మరకలే. అది చదివి, ఇది ఫలానా ఊరి మఠం పొలం తగాదా అని ఒక్క వాక్యం రాసే మనిషికి మాత్రం బడ్జెట్లో గడి ఉండదు. ఆ స్థానంలో ‘స్వచ్ఛంద సేవకులు’ అని ఉంటుంది. వాటికన్ రిజిస్టర్లను కంప్యూటర్‌తో చదివించబోయిన ఇటలీ ప్రాజెక్టు కూడా అక్షరాలు గుర్తుపట్టి దానికి దిద్దబెట్టడానికి హైస్కూలు పిల్లలనే పిలిచింది.

పోనీ, సూచిక తయారైన చోటైనా సుఖముందా? పోపుల ఉత్తరాలకు ఫ్రెంచి పండితులు తరతరాలు కూర్చుని సూచికలు రాశారు. వాటిని డేటాబేసులో వెతకాలంటే చందా కట్టాలి. బొమ్మ ఉచితమైన చోట అర్థం లేదు, అర్థం ఉన్న చోట టిక్కెట్టు. తాళం తీశామంటారు, గొళ్ళెం సంగతి ఎత్తరు.

డిజిటల్ అంటే శాశ్వతం అనేవాళ్ళకు ఒక లెక్క. 1086లో గొర్రెతోలు మీద రాసిన డూమ్స్‌డే పుస్తకం ఇవాళ్టికీ పేజీ తిప్పితే కనిపిస్తుంది. దాని 900 ఏళ్ళ పండగకు బీబీసీ 1986లో లేజర్ డిస్కుల మీద కొత్త డూమ్స్‌డే తెచ్చింది. 2002 నాటికి వాటిని చదివే యంత్రం దొరకడమే గగనమైంది. ఆ డిస్కులను ఒక్క ఎలుకా కొరకలేదు. పని మిగల్లేదు మరి.