టూబోపాఖ్యానం: ఒక పంచరంగడి వాక్యానికి టీకాతాత్పర్యాలు

మూలం: “ఈ టూబు రోడ్డుకు పనికిరాదు, బాయికైతే ఎత్తకపో.”

అవతారిక. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాటి తమిళనాట కృష్ణగిరికి చేరే 42వ నంబరు జాతీయ రహదారి పొడవునా, టమోటా బాక్సులతోనో గ్రానైటు దిమ్మెలతోనో బరువెక్కి వచ్చిన లారీలు ఆగే పంచరు అంగళ్లలో, ఈ వాక్యం కర్త పేరు లేకుండా వాడుకలో ఉన్నది. దీనికి ఇంతవరకు వ్యాఖ్యానం పుట్టకపోవడానికి, విన్నవారందరికీ వినగానే అర్థం కావడం తప్ప వేరే కారణం కనిపించదు. అయినా తేటగా ఉన్నదాన్ని విప్పి చెప్పి చిక్కుపరచడం వ్యాఖ్యాతలకు పూర్వం నుంచీ ఉన్న హక్కు కనుకనూ, 1919లో రవీంద్రనాథ ఠాగూరు బస చేసి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన మదనపల్లెకు ఒక మాటను ఇంకొక మాటతో చెప్పే పని కొత్తది కాదు కనుకనూ, ఈ ప్రయత్నం మరీ సాహసం అనిపించుకోదు.

సందర్భం. వేసవి సెలవులలో ఒక పిల్లవాడు అంగడి ముందు నిలబడి, అడగవలసినది అడగకుండా, మూలన పడివున్న పాత ట్యూబుల వైపు చూస్తూ ఉండగా పంచరు మేస్త్రీ పలికిన మాట ఇది. పలికేటప్పుడు మేస్త్రీ చేతిలో బీడీ ఉన్నదని కొందరు వ్యాఖ్యాతలు అంటారు. అతుకు వేసే ముందు రబ్బరును తుడిచే పెట్రోలు డబ్బా పక్కనే ఉండగా బీడీ ఎలా ముట్టిస్తాడని మరికొందరు ఆక్షేపిస్తారు. అది చెవిలో దోపుకొన్న, ముట్టించని బీడీ అని సమన్వయం.

టీక. ఈ = ఎదుట నీళ్లతొట్టిలో మునిగి బుడగలు వదులుతున్న; టూబు = లారీ టైరు కడుపులో ఉండి గాలిని పట్టి ఉంచే రబ్బరు చుట్ట; రోడ్డుకు = బరువు, వేగం, వేడి మూడూ కలిసే చోటికి; పనికిరాదు = తగదు; బాయికైతే = వ్యవసాయపు దిగుడుబావికి అయిన పక్షంలో; ఎత్తకపో = వెల ఇవ్వనక్కరలేదు, భుజాన వేసుకొని వెళ్లు. ‘టూబు’ అనే పదాన్ని, 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసిన కుప్పంలో తెలుగు, తమిళ, కన్నడాలు మాట్లాడే ముగ్గురూ తగవు లేకుండా పలుకుతారు కనుక, వ్యుత్పత్తి విచారణ విడిచిపెట్టడమైనది.

‘ఈ’ అనే చిన్న మాటను చులకనగా దాటిపోరాదు. పంచరు ఎక్కడ పడిందో కంటికి కనిపించనప్పుడు, మేస్త్రీ ట్యూబుకు కొద్దిగా గాలి పట్టించి, అడ్డంగా కోసిన డ్రమ్ములోని మురికినీళ్లలో జానెడు జానెడుగా ముంచి తిప్పుతాడు. చిల్లి ఉన్నచోట సన్నని బుడగల వరస లేస్తుంది. అక్కడ అతడు వేలు నొక్కి పట్టి, తడి తుడిచి, సుద్దతోనో గోటితోనో గురుతు పెడతాడు. నీళ్లలోకి దిగగానే బలంగా పైకి తన్నుకొచ్చే ఆ చుట్టను అదిమి పట్టడానికి మేస్త్రీ రెండు చేతులూ వాడవలసి వస్తుందనే సంగతిని పిల్లవాడు అప్పుడే గమనించాడు. అనగా బాయికి పోకముందే ట్యూబు తన రెండో వృత్తిలో పరీక్ష రాసి నెగ్గింది.

ఇక ‘పనికిరాదు’ అన్న క్రియ ఈ వాక్యానికి ప్రాణం. ఇది అన్ని చోట్లకూ వర్తించే నిషేధం కాదు, ‘రోడ్డుకు’ అనే మాటకు లోబడిన నిషేధం. 10.00-20 కొలత గల టైరు, అంటే సుమారు పది అంగుళాల లావు కలిగి ఇరవై అంగుళాల చక్రానికి తొడిగే టైరు, లారీ కింద ఉన్నప్పుడు అందులో చదరపు అంగుళానికి దాదాపు నూరు పౌన్ల గాలి ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడికి ఎదురు నిలిచేది నిజానికి టైరే. ట్యూబు పని గాలిని బయటికి పోనీయకపోవడం. అయితే ఎండాకాలం తారు మీద మైళ్ల కొద్దీ తిరిగిన చక్రం లోపల పుట్టే వేడికి, సొల్యూషన్ రాసి అంటించిన అతుకు మెత్తబడి అంచు లేస్తుంది, ఒక అతుకు పక్కన ఇంకొక అతుకు పడిన చోట రబ్బరు పలచబడుతుంది, చివరికి ఏ ఘాటు మలుపులోనో ఆ ట్యూబు డ్రైవరు చేత నడిరాత్రి జాకీ పట్టిస్తుంది. టైరులోనుంచి బయటపడిన ట్యూబుకు ఈ బాధ లేదు. చుట్టూ ఇనుమూ తీగలూ లేనందువల్ల అది ఒకటి రెండు పౌన్ల ఒత్తిడికే నిండుగా ఉబ్బుతుంది. నీళ్లు దాన్ని చల్లగా ఉంచుతాయి. బాయిలో మేకులు పరిచి ఉండవు. రోడ్డు మీద పది కిలోమీటర్లు నిలవని అతుకు బాయిలో పది వేసవులు నిలవడంలో వింత లేదు.

ఇక్కడ రబ్బరు జాతిని గురించి కూడా ఒక మాట అవసరం. 1937లో అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్ పరిశోధకులు విలియం స్పార్క్స్, రాబర్ట్ థామస్ తయారుచేసిన బ్యూటైల్ రబ్బరు, చెట్టుపాల రబ్బరు కంటే గాలిని ఎన్నో రెట్లు గట్టిగా పట్టి ఉంచుతుంది. ఏప్రిల్ మొదట్లో గాలి కొట్టించిన ట్యూబు మే నెలలోనూ పెద్దగా వాడిపోకుండా మోటారు రూము గోడకు వేలాడుతూ ఉండటానికి కారణం ఈ గుణమే కాని, పిల్లల జాగ్రత్త ఎంతమాత్రం కాదు.

పరిమాణ విచారం. ఉబ్బిన లారీ ట్యూబు అడ్డుకొలత సుమారు ఒక మీటరు. నిలబెడితే అది పుంగనూరు ఆవును దాటిపోతుంది, ఎందుకంటే పొట్టితనానికి పేరుబడ్డ ఆ జాతి పశువు ఎత్తు సాధారణంగా మీటరు లోపే. దాని కడుపులో పట్టే గాలి సుమారు నూరు లీటర్లు కనుక, పూర్తిగా ముంచితే అది తొలగించే మంచినీళ్ల బరువు సుమారు నూరు కిలోలు. నీళ్లలో మనిషి శరీరం తన బరువును దాదాపు తానే మోసుకొంటుంది కనుక, తల పైకి ఉంచడానికి కొద్ది కిలోల ఊతం చాలు. ఈ లెక్కన ఒక ట్యూబు చుట్టూ వేలాడదగిన పిల్లల సంఖ్యను నిర్ణయించేది ఆర్కిమిడీసు సూత్రం కాదు, ట్యూబు తెచ్చినవాడి దయ. విశాఖపట్నం సముద్రంలో ఉప్పు వల్ల ఈ ఊతం నూటికి రెండున్నర వంతు పెరుగుతుంది. ఆ లాభాన్ని మదనపల్లెవాళ్లు వదులుకోక తప్పదు.

పూర్వపక్షం. ‘సముద్రానికి సుమారు ఏడువందల మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్లవాళ్లకు తేలే వస్తువుల రెండో జన్మ గురించి మాట్లాడే అధికారం ఎక్కడిది? ఆ శాస్త్రం తీరదేశాల సొత్తు’ అని ఒకరు ఆక్షేపించవచ్చు. ఆ తీరదేశాల ప్రమాణమే ఇక్కడ మూలాన్ని బలపరుస్తుంది. విండ్‌సర్ఫింగ్ అనేది పలక మీద ఎటు కావాలంటే అటు వాలే తెరచాపను బిగించి, మనిషి నిలబడి దాన్ని చేతులతో పట్టి, గాలి బలంతో నీళ్ల మీద సాగే ఆట. 1968లో కాలిఫోర్నియాకు చెందిన హోయిల్ ష్వైట్జర్, జిమ్ డ్రేక్ దానికి పేటెంటు కోరారు, 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్సులో అది పోటీగా చేరింది. తొలినాటి పలకలు పన్నెండడుగుల పొడవు, మోయడానికి ఇద్దరు కావాలనిపించేంత బరువు. తరువాత వచ్చిన పలకలు పొట్టివీ తేలికవీ కావడంతో పాతవి షెడ్లలో, ఇంటి వెనక గోడల వారన చేరాయి. వేగానికి అడ్డమని నింద మోసిన వాటి పొడవూ లావూ, తెరచాప తీసేసి, అడుగున నిలువు పలక దిగే సందును మూసి, చేతికి తెడ్డు ఇచ్చేసరికి, మనిషిని నిదానంగా నిలబెట్టి చిన్న చిన్న అలల మీద మోసే గుణాలుగా మారాయి. అక్కడివాళ్లు ఆ పలకల గురించి అనుకొన్నది ‘ఇది గాలికి పనికిరాదు, అలకైతే ఎత్తకపో’ అని గాక వేరు కాదు. ట్యూబు విషయంలోనూ దాన్ని రోడ్డు నుంచి వెళ్లగొట్టిన లోపానికి బాయిలో పని లేదు, బాయిలో దాన్ని నిలబెట్టిన లావుకు రోడ్డు మీద పేరు లేదు.

‘సరే, అల ఎక్కడిది?’ అని ఆక్షేపకుడు మళ్లీ అడుగుతాడు. మోటారు రూము మిద్దె మీదనుంచి ఒకడు మోకాళ్లు రొమ్ముకు అదుముకొని బాయిలోకి దూకినప్పుడు పుట్టేది అల కాకపోతే మరేమిటో అతడే చెప్పాలి. పైగా విశాఖ రుషికొండ తీరాన అల ఇసుక మీదికి పాకి అణగిపోతుంది. బాయిలో ఇసుక లేదు, నిట్టనిలువు రాతికట్టడం ఉన్నది, కనుక అల గోడకు తగిలి తిరిగివచ్చి, ఎదురుగోడ నుంచి తిరిగివచ్చే ఇంకొక అలతో కలిసి, నడుమ ట్యూబు మీద కూర్చున్నవాణ్ణి జానెడు ఎత్తి దింపుతుంది. ఇందులో రెండోవాడు దూకడానికి సమయం చూసుకోవడం ఒక విద్య. తొందరపడితే మొదటి అలను రెండోది చంపేస్తుంది.

‘బాయికి’ అనే పదానికి ఇప్పుడు నేరుగా వచ్చే అర్థం చాలదు. ఒకప్పుడు ఎద్దులు కపిల తోలగా తోలుబాన నీళ్లు తోడిన దిగుడుబావులు ఈ సీమలో నీళ్లమట్టం దిగిపోయి చాలావరకు ఎండాయి. వాటి పని అందుకొన్న బోరు వెయ్యి అడుగుల లోతుకు దిగినా వెడల్పు ఆరున్నర అంగుళాలే కనుక, మీటరు అడ్డుకొలత గల ట్యూబుకు అందులో ప్రవేశం లేదు. అందువల్ల ఈ పదానికి నీళ్లున్న చెరువూ కుంటా కూడా లక్షణచేత అర్థమవుతాయి. 2021 నవంబరు వానలకు చెరువులు నిండి మొరవ పారినప్పుడు, ఏళ్ల తరబడి అటకల మీద మడతపడి ఉన్న ట్యూబులు కిందికి దిగాయని ఊహించడం తప్పు కాదు. హంద్రీ-నీవా కాలువను ఈ అర్థంలో చేర్చరాదు. దాని గట్టు ఏటవాలు, నీళ్లు పారేవి, పట్టుకొని ఎక్కడానికి మెట్టు లేదు.

కాలువ గురించిన ఈ చివరి మాట పరిహాసం కాదు, ట్యూబు ఒక్కదాన్నే నమ్ముకోరాదు. ట్యూబు నడుమ రంధ్రం పెద్దది, పిల్లవాడి నడుము చిన్నది. ఈత రానివాడు చేతులు పైకెత్తితే చాలు, కిందికి జారిపోతాడు, ట్యూబు మాత్రం అతడు లేని సంగతి తెలియనట్లు తేలుతూనే ఉంటుంది. అందుకే ట్యూబుకు పూర్వం నడుముకు బెండు గాని ఎండిన సొరకాయ బుర్రలు గాని కట్టిన కాలం నుంచీ, వాటితోపాటు నడుముకు మోకు కట్టి రెండో కొస గట్టు మీద పెద్దవాడొకడు పట్టుకొనే ఆచారం ఉన్నది. ట్యూబు వచ్చి బుర్రను వెళ్లగొట్టినా మోకును వెళ్లగొట్టలేదు, వెళ్లగొట్టరాదు కూడా.

వాల్వు వివాదం. లారీ ట్యూబుకు గాలి ఎక్కించే గొట్టం ఇత్తడిది, పొడుగైనది, వంపు తిరిగినది, అన్నిటినీ మించి రంధ్రం లోపలి వైపుకే పొడుచుకొని ఉండేది. వేసవి చివర ఈ సీమ పిల్లల డొక్కల మీద కనిపించే అడ్డగీతలకు కర్త అదే. దాని స్థానం గురించి రెండు సంప్రదాయాలు ఉన్నాయి. వెనకవైపు ఉంచి వీపును అప్పగించాలని ఒక పక్షం. ముందువైపు ఉంచి కంటికి కనబడేలా చూసుకోవాలని ఇంకొక పక్షం. పాత లుంగీ పీలికను చుట్టి, దాని మీద అదే ట్యూబు జాతికి చెందిన రబ్బరు బద్దను బిగించి కట్టాలన్నది ఉభయులూ ఒప్పుకొన్న నడిమి మార్గం, కాని పీలిక రెండో రోజుకే ఊడిపోతుంది.

తాత్పర్యం. ఓ బాలకా, ఎన్నో అతుకులు పడి, ఎండకూ బరువుకూ ఓర్చలేక, లారీ యజమాని చేత వదిలివేయబడిన ఈ ట్యూబును ఇంకెవ్వరూ కొనరు. దీనికి నేను ఇంకొక అతుకు వేసినా నాకు కూలి గిట్టదు. నీవు అడగడానికి మొహమాటపడుతున్నావని నాకు తెలుసు. గాలి కూడా నేనే కొట్టి ఇస్తాను. పైకి మాత్రం కసురుకొన్నట్లు కనబడతాను, నీవు దాన్ని పట్టించుకోవద్దు, అని మేస్త్రీ ఆశయం. ఇక్కడ నిందించినట్లు కనిపిస్తూ మెచ్చుకోవడం చేత వ్యాజస్తుతి అలంకారమని చెప్పవచ్చు. 1887-88లో బెల్‌ఫాస్టులో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి నింపిన రబ్బరు చక్రాన్ని మొదట తయారుచేసింది తన కొడుకు మూడుచక్రాల సైకిలు కోసమేనన్నది చరిత్ర కనుక, ట్యూబు పిల్లవాడి చేతికి రావడాన్ని పతనంగా గాక పుట్టింటికి రావడంగా కొందరు వ్యాఖ్యానిస్తారు. ఇది కొంచెం అతిగా ఉన్నా కొట్టివేయదగినది కాదు.

పాఠాంతరం. ట్యూబు లేకుండా, టైరే రిమ్ముకు గాలి బిగిసేలా కూర్చునే ట్యూబులెస్ రకం కొత్త లారీలకు వస్తూ ఉండటంతో, మూలవాక్యంలో మొదటి పదానికే ఎసరు వచ్చింది. అందుచేత కొన్ని అంగళ్లలో ‘ఈ ట్రాక్టరు టూబు’ అనే పాఠం వినిపిస్తున్నది, దాన్ని గ్రహించడమే మేలు. ట్రాక్టరు వెనక చక్రపు ట్యూబు లారీ ట్యూబు కంటే చాలా పెద్దది, నలుగురు పట్టుకొన్నా చోటు మిగులుతుంది. అయితే దుక్కిలో చక్రం జారకుండా బరువు కోసం ఆ ట్యూబును ముప్పాతిక వంతు నీళ్లతో నింపే వాడుక ఉన్నది కనుక, బాయికి ఎత్తకపోయేముందు దాన్ని గట్టు మీద నిలబెట్టి, వాల్వు కిందికి వచ్చేలా తిప్పి, ఇద్దరు ఎక్కి తొక్కుతూ లోపలి నీళ్లన్నీ కార్చి, ఆ తరువాతనే గాలి పట్టించాలి. దాని వాల్వు పొట్టిది; పీలిక అక్కరలేదు.