మక్షికా వివేకం: ఒకే పద్యం, సటీకం

ఆ. రెక్క రెండె యుండు, రెండవ జతచోట
గదల వంటి చిన్న కాడ లుండు;
మూపు గీత లెన్ని, మొగముపై మీసాలు
చూచి పిదప కొట్టు, చుట్టమైన!

అవతారిక: విశాఖ పూర్ణా మార్కెట్‌లో అరటి గెలల మీద ముసిరే సన్న ఈగలను, ఫిషింగ్ హార్బర్‌లో ఎండుచేపల మీద వాలే పచ్చ ఈగలను, ఉక్కునగరం క్వార్టర్ల స్నానాలగదుల్లో గోడకు అంటుకునే బూడిదరంగు ఈగలను లోకం ఒకే గాటన కట్టి చీపురెత్తుతున్నది. వారించడానికి కవి పూనుకున్నాడు. కవీ వ్యాఖ్యాతా ఒకరే కావడం వల్ల ప్రశంసకు లోటుండదు.

ప్రతిపదార్థం: రెక్క రెండె = రెండే రెక్కలు (తేనెటీగకు నాలుగు; పేరులో ఈగ ఉన్నా ఇక్కడ దానికి ప్రవేశం లేదు); కాడలు = వెనక రెక్కలు కుదించుకుపోగా మిగిలిన గుండుతల పుల్లలు, ఎగిరేటప్పుడు ఒళ్లు తూలకుండా కాచేవి; మూపు గీతలు = వీపు చారలు, ఇంటి ఈగకు నాలుగు; మీసాలు = పళ్ల ఈగకైతే వీటి మీద ఈకలాంటి వెంట్రుక; చుట్టమైన = పండుతోపాటు పిలవకుండా వచ్చినదైనా.

తాత్పర్యం: గుర్తుపట్టి కొట్టుము.

విశేషాలు: కంటి ఎరుపును కవి ఎందుకు వదిలాడని పూర్వపక్షం. ఇంటి ఈగ కళ్లు ఎరుపే. చేపల మీద లోహంలా మెరిసే క్రైసోమియా మెగాసెఫలా కళ్లూ ఎరుపే, పళ్ల ఈగవీ అంతే. ముగ్గురికీ ఉన్న గుర్తు ఎవరినీ వేరుచేయదు, ఇది అతివ్యాప్తి. పోనీ ఒక్క జాతిలోనైనా నిలకడగా ఉంటుందా? 1910లో కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గన్ పెంచుతున్న ఎర్రకళ్ల పళ్ల ఈగల్లో తెల్లకళ్ల మగది తేలింది. జాతి అదే. కనుక అవ్యాప్తి కూడా. స్నానాలగది ఈగకైతే కళ్లదాకా పోనక్కరలేదు, ఆకులాంటి రెక్కల నిండా నూగే సాక్ష్యం.

గాజువాక శిష్యుడి శంక: "ఏటండీ గురువుగారూ, చిన్నీగంటే పెద్దీగ పిల్లే కదా?" కాదు నాయనా. పెరుగుదలంతా పురుగు దశలోనే. రెక్కలు విప్పుకున్నాక ఈగ వెంట్రుకవాసి కూడా ఎదగదు. పురుగుగా ఉన్నప్పుడు తిండి చాలక గిడసబారిన ఇంటి ఈగ ఉండవచ్చు, నిజమే. దాని వీపు మీదా చారలు నాలుగే. అందుకే కవి కొలత చెప్పక లెక్క చెప్పాడు.

పాఠాంతరం: నాలుగో పాదంలో "కొట్టు"కు బదులు "తోలు" అని పళ్ల దుకాణాల పాఠం. అరటిపండు మీద వాలినదాన్ని కొడితే పోయేది పండే కనుక ఇదీ సాధువే. గణం చెడదు, యతికి భంగం లేదు.