మా రోజుల్లో పలక చూస్తే తెలిసేది

మా రోజుల్లో పంతులు బడిలో అడుగుపెట్టగానే పిల్లల్ని చూసుకునేవాడు. ఎవడు రాలేదో, ఎందుకు రాలేదో పక్కింటి పిల్లే చెప్పేది. ఇప్పుడు అడుగుపెట్టగానే ఫోను తీయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి టీచరు తన ముఖం ఫొటో తీసుకుంటేనే హాజరు. తర్వాత పిల్లల హాజరు, ఆపైన మధ్యాహ్న భోజనం లెక్క. ఆమధ్య మరుగుదొడ్ల ఫొటోలు కూడా టీచర్లచేతే తీయించారు. సిగ్నల్ అందకపోతే గేటు దాకా వెళ్లి నిలబడాలి. మొదటి పీరియడ్ అక్కడే హరీ!

పథకాలు మాకూ కొత్త కాదు. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ వచ్చింది. బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, నల్లబల్ల అన్నారు. ఊళ్లో ఎవరికి చెప్పినా అర్థమయ్యేది. తర్వాత డీపీఈపీ, సర్వశిక్షా అభియాన్, సీసీఈ, 2021లో నిపుణ్ భారత్. ఇప్పుడు స్టాఫ్‌రూంలో ఎక్కడ విన్నా ఎఫ్ఏ, ఎస్ఏ, ఎఫ్ఎల్ఎన్, లెర్నింగ్ అవుట్‌కమ్స్. ఇన్ని చెప్పీ చివరికి కావలసింది మూడో తరగతి పిల్ల తడుముకోకుండా చదవడం, లెక్క చేయడం. అది మేమూ అడిగిందే.

తీసివేతే తీసుకోండి. 52లోంచి 38 తీసెయ్యమంటే ఒక పిల్ల 26 అని రాస్తుంది. పలక చూసిన పంతులికి వెంటనే తెలుస్తుంది: 2లోంచి 8 పోదని, 8లోంచి 2 తీసేసింది. పక్కన కూర్చోబెట్టుకుని పది పుల్లల కట్ట ఒకటి విప్పి చూపిస్తే చాలు, దారిలో పడుతుంది. యాప్‌లో మాత్రం ఆ పిల్ల పేరు పక్కన మార్కు పడుతుంది, అంతే. 26 ఎలా వచ్చిందని పైనున్నవాళ్లు ఎవరూ అడగరు.

2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు, బైజూస్ పాఠాలు వేసి. రెండేళ్లు తిరక్కుండానే ఆ కంపెనీ దివాలా కేసులో చిక్కుకుంది. ట్యాబులు వద్దని నేననను. గుండె ఎలా కొట్టుకుంటుందో పల్లెటూరి పిల్ల తెరమీద చూస్తే నాకూ సంతోషమే. కానీ కంపెనీలు పోతుంటాయి, పథకాల పేర్లు మారుతుంటాయి. తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకునే టీచరు మాత్రం బడిలో ఉండి తీరాలి. అలా చూడటానికి తీరిక కావాలి.

అధికారులూ, బడివేళల్లో ఈ ఫొటోల పని, అప్‌లోడ్ల పని టీచర్ల మీంచి తీసేయండి. తప్పదనుకుంటే ఒక గుమాస్తాను వేయండి. టీచర్ని పిల్లల దగ్గర ఉండనివ్వండి.