పదిహేను ఆర్.హెచ్. పన్నెండు: టీకా తాత్పర్యాలు

మూలం

15 ఆర్.హెచ్. 12

అవతారిక

మా నాన్నగారు గుంటూరు జిల్లాలో తెలుగు పండితులు. మా ఇంట్లో బియ్యం డబ్బా ఖాళీ అయిన రోజులున్నాయి కానీ వావిళ్ళవారి ప్రతి లేని గూడు లేదు. ఆ పుస్తకాల్లో పద్యం నాలుగు పాదాలుంటే దాని కింద టీక రెండు పేజీలు పారేది. ఆయనకు పద్యం కన్నా టీకే ఇష్టం. నేను ఇంజనీరునై మేరీలాండ్ చేరి, రిటైర్మెంటుకు రెండేళ్ళ ముందు, బుద్ధి ఉన్నవాళ్ళు పొలం అమ్ముకునే వయసులో, అనాపొలిస్ దగ్గర ఒక ముసలి తెరచాప పడవ కొన్నాను. 1976 నాటి కేటలీనా 30. గాలి ఉంటే తెరచాప, లేకపోతే లోపల డీజిల్ ఇంజను, దాని ఇరుసు చివర నీళ్ళలో తిరిగే మూడు రెక్కల కంచు ప్రొపెల్లరు. పై సూత్రం ఆ ప్రొపెల్లరు నాభి మీద పోగరతో పొడిచి ఉంది.

ఛందస్సు లేదు, యతి లేదు, ప్రాస లేదు. క్రియాపదం అసలే లేదు. సూత్రమన్నాక ఇలాగే ఉండాలి. అర మాత్ర తగ్గితే కొడుకు పుట్టినంత సంబరం వైయాకరణులకు. ఇక్కడ ఎవరో పుణ్యాత్ముడు వాక్యం మొత్తం తగ్గించేశాడు. మన మెదకు సీమవాడు కోలాచల మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని వ్యాఖ్యానాలు రాశాడు. మొదటి ఒట్టు నేనూ పెట్టుకుంటున్నాను. రెండోది నావల్ల కాదు.

ప్రతిపదార్థం

15 = పదిహేను అంగుళాల, వ్యాసము కలదియు. వ్యాసం అనగానే పత్రికా వ్యాసం అనుకోకండి, ఇది రెక్కల కొనలు గీసే వలయానికి అడ్డుకొలత. పడవ అడుగున పట్టినంత పెద్దది పెట్టుకోవాలని శాస్త్రం. కొద్ది నీటిని గబగబా తన్నడం కన్నా ఎక్కువ నీటిని నిదానంగా నెట్టడంలో శక్తి తక్కువ వృథా అవుతుంది. చిన్న విసనకర్రను ఎంత వేగంగా ఊపినా చెయ్యి నొప్పే గానీ గాలి రాదు కదా! అయితే రెక్క కొనకూ పడవ అడుగుకూ మధ్య వ్యాసంలో కనీసం పదోవంతు ఖాళీ ఉండాలి, ఇంకా ఉంటే మరీ మంచిది. లేకపోతే ఒక్కో రెక్క అడుగును దాటినప్పుడల్లా పడవంతా దడదడలాడుతుంది. మా పడవ కింద వెల్లకిలా పడుకుని చూశాను. రెండు వేళ్ళు పక్కపక్కన పెడితే సరిగ్గా పట్టాయి. అంటే ఒకటిన్నర అంగుళం. పదహారుకు పోవడానికి లేదు.

ఆర్.హెచ్. = రైట్ హ్యాండ్, కుడిచేతి వాటము గలదియు. ఎవరి కుడిచెయ్యి? పడవ వెనక నిలబడి ముందుకు చూస్తున్నవాడిది. పడవ ముందుకు పోతున్నప్పుడు ఇది గుడి చుట్టూ మనం తిరిగినట్టు ప్రదక్షిణంగా తిరుగుతుంది. ఎల్.హెచ్. అయితే అప్రదక్షిణం. వెనక్కి గేరు వేసినప్పుడు ఆర్.హెచ్. ప్రొపెల్లరు పడవ తోకను ఎడమకు లాగుతుంది. చుక్కాని ఎటు తిప్పినా మొదట్లో వినదు. కాబట్టి రేవులో పడవను ఎడమ పక్కకు చేర్చేవాడు చివర్లో కాస్త వెనక్కి గేరు వేస్తే చాలు, తోక దానంతటదే గట్టుకు ఒదుగుతుంది. కుడి పక్కకు చేర్చాలనుకున్నవాడి తిప్పలు చూడటానికి రేవులో జనం కాఫీ కప్పులతో సిద్ధంగా ఉంటారు.

12 = పన్నెండు అంగుళాల, పిచ్ కలదియు. పిచ్ అంటే రెక్కకున్న పురి. మరమేకు కర్రలో ఒక్క చుట్టుకు ఎంత లోపలికి దిగుతుందో, అలా ఈ రెక్కలు గట్టి పదార్థంలో తిరిగితే ఒక్క చుట్టుకు పన్నెండు అంగుళాలు ముందుకు పోవాలి. నీళ్ళు కర్ర కావు గనక అంత పోదు. ఆ లోటును జారుడు అంటారు. పిచ్ అనే పదం చివర ఇకారం చేర్చి మా ఆవిడ చెప్పే అర్థం వేరే ఉంది. అది ప్రకృతానికి అక్కర్లేదు.

పాఠభేదం

అసలు కథంతా ఇక్కడే ఉంది. పడవ కొన్న మొదటి వేసవిలో, అల లేని నీటిలో, పూర్తి త్రాటిల్ తోస్తే ఇంజను నిమిషానికి 2500 చుట్ల దగ్గర ఆగిపోయేది. ఇరవై గుర్రాల ఆ డీజిల్ 3000 తిరగాలని దాని పుస్తకంలో ఉంది. వెనక నల్లటి పొగ. పడవ తోక మీద రాసిన పేరులో మొదటి రెండక్షరాలు మసికి కనిపించకుండా పోయాయి.

ఆ శీతాకాలం పడవను గట్టెక్కించాక ప్రొపెల్లరు దగ్గర కూర్చున్నాను. బార్నకిల్స్ అనే సున్నపు గుల్లలు దాన్ని పూర్తిగా కప్పేశాయి. గరిటె లాంటి గోకుడు పనిముట్టుతో ఒక్కోటీ రాల్చి, తీగ బ్రష్షుతో రుద్ది, శాసన పరిశోధకుడిలా టార్చిలైటు ఏటవాలుగా పట్టుకున్నాను. ముందు 1 బయటపడింది. తర్వాత 5. ఆ తర్వాత ఆర్., హెచ్. చివరి అంకె సగం అరిగిపోయింది. సాయంత్రమైంది, చలి, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. సున్నా అనుకున్నాను. అంటే 15 ఆర్.హెచ్. 10.

ఇంటికొచ్చి లెక్క వేశాను. గేర్‌బాక్సు రెండుకి ఒకటి. ఇంజను 3000 తిరిగితే ఇరుసు 1500. పది అంగుళాల పిచ్‌తో నిమిషానికి 1250 అడుగులు, అంటే పన్నెండు పై చిల్లర నాట్లు. నీటి గీత దగ్గర పాతికడుగులున్న పడవకు సహజమైన గరిష్ఠ వేగం, పాతిక వర్గమూలాన్ని 1.34తో హెచ్చిస్తే, 6.7 నాట్లు. జారుడు నూటికి సుమారు 46. బరువైన తెరచాప పడవకు అది మామూలే. కాబట్టి ప్రొపెల్లరు నిర్దోషి అని తీర్పు ఇచ్చేశాను. దోషం ఇంజనుదే.

అలా ఏడాది గడిచింది. ఇంజెక్టర్లు సర్వీసు చేయించాను. డీజిల్ ఫిల్టరు మార్చాను, గాలి ఫిల్టరు మార్చాను. పొగ బయటికి పోయే ఎల్బో విప్పితే నిండా మసి. దొరికింది దొంగ అని కొత్తది వేయించాను. వంద చుట్లు కూడా పెరగలేదు. తర్కం చదివినవాళ్ళకు వెంటనే తట్టేది: ఆ మసి కారణం కాదు, కార్యం.

రెండో శీతాకాలం, యార్డులో నా పక్క పడవ బాగుచేసుకుంటున్న ముసలాయన, డెబ్భై అయిదేళ్ళుంటాయి, నా గోడంతా విని జేబులోంచి సుద్దముక్క తీసి నాభి మీద అడ్డంగా రుద్దాడు. అరిగిన అంకె వంపు తెల్లగా తేలింది. సున్నా కాదు, రెండు.

ఆక్షేపము

"పన్నెండైతే మాత్రం ఏమిటండీ?" అని మా బావగారు ఫోన్లో పూర్వపక్షం లేవదీశారు. ఆయన చార్టర్డ్ అకౌంటెంటు. "12 పిచ్‌తో మీ ఇరుసు 1250 తిరుగుతోంది. 10 పిచ్‌తో 1500 తిరగాలి. రెండిట్నీ గుణించండి. రెండూ పదిహేను వేల అంగుళాలే కదా! పోయే దూరం ఒకటే అయినప్పుడు నిదానంగా తిరిగేదే మేలు కాదూ?"

లెక్క తప్పు లేదు. సిగ్గుతో ఒప్పుకుంటున్నాను, ఆ రాత్రి నాకు సమాధానం తోచలేదు.

సమాధానము

తిరుమల ఘాట్ రోడ్డు టాప్ గేరులో ఎక్కి చూడండి. కారు ఏడుస్తుంది. డీజిల్ ఇంజనుకు గవర్నరు అనే సేవకుడు ఉంటాడు. త్రాటిల్ అడిగినన్ని చుట్లు రాకపోతే వాడు ఇంకాస్త నూనె పోస్తాడు. అయినా రాకపోతే ఇంకాస్త. పురి ఎక్కువైన ప్రొపెల్లరును ఇంజను తిప్పలేదు, వాడు పోయడం ఆపడు, కాలని నూనె నల్ల పొగై పోతుంది, లోపల మసి కట్టి వేడెక్కుతుంది. పైగా ఇంజనుకున్న ఇరవై గుర్రాలూ 3000 చుట్ల దగ్గరే నిండుగా దొరుకుతాయి, 2500 దగ్గర కొన్ని లాయంలోనే ఉండిపోతాయి. ఎదురుగాలి, ఎదురు అలలు వచ్చిన రోజున కావలసినవి సరిగ్గా ఆ మిగిలినవే.

పురి మరీ తక్కువైనా చిక్కే. ఇంజను ఊరికే పరిగెత్తుతుంది, పడవ అక్కడే ఉంటుంది.

ఇంతకీ ఏ అంకె సరైనదో చెప్పేది నాభి మీది రాత కాదు, టాకోమీటరు. శుభ్రమైన అడుగుతో, అల లేని నీటిలో, పూర్తి త్రాటిల్‌లో ఇంజను తన పుస్తకంలో రాసిన చుట్లు తిరగాలి. ఆ టాకోమీటరు కూడా పాతదైతే దాన్నీ నమ్మకూడదు. పుల్లీ మీద మెరిసే టేపు అంటించి లైటు టాకోమీటరుతో ఒకసారి సరిచూసుకోవాలి. ప్రమాణాన్ని పరీక్షించకుండా ప్రమేయం జోలికి పోయినవాణ్ణి నేను, వినండి.

పాఠాంతరము

పడవ లాకరు అడుగున, పాత లైఫ్‌జాకెట్ల కింద, ఇంకో ప్రొపెల్లరు దొరికింది. రెండు రెక్కలది, చిన్నది. దాని మీద ఎల్.హెచ్. అని స్పష్టంగా ఉంది. ఇది ఆదిపాఠం. ఈ పడవలో మొదట ఉన్నది అటామిక్ 4 అనే పెట్రోల్ ఇంజను. 1947 నుంచి 1980ల దాకా అమెరికా తెరచాప పడవల్లో అది వేల సంఖ్యలో ఉండేది. గేర్ తగ్గింపు లేకుండా ఇరుసును నేరుగా తిప్పేది, అదీ అప్రదక్షిణంగా. నాకు ముందున్న యజమాని ఎవరో దాన్ని తీసి డీజిల్ పెట్టించి, ప్రొపెల్లరు మాత్రం ఎవరో అమ్మితే కొని తగిలించాడు. ఊరికే వచ్చింది కదా అని ఆ ఎల్.హెచ్. బిగిస్తే ముందుకు గేరు వేసినప్పుడు పడవ వెనక్కి పోతుంది. ప్రస్తుతం అది మా పుస్తకాల అలమారులో బరువుగా పనికొస్తోంది, నాన్నగారి వావిళ్ళ ప్రతుల పక్కనే.

మతాంతరములు

తెరచాప మీద పోతున్నప్పుడు ఈ మూడు రెక్కలు నీళ్ళలో అడ్డంగా నిలబడి పడవను వెనక్కి లాగుతాయి. దీని మీద మతాలు అనేకం. ముడుచుకునే రెక్కలవాళ్ళు కొందరు: డెన్మార్క్ నుంచి వచ్చే గోరీ, ఫ్లెక్సోఫోల్డ్ తామర మొగ్గల్లా మూసుకుంటాయి. రెక్కను పక్కకు తిప్పి నీటికి అంచు చూపించే మాక్స్-ప్రాప్ లాంటివాటి మతం ఇంకోటి. ఇటలీది, వేల డాలర్లు. నిలువుగా ఆపి, పడవ అడుగున వెన్నెముకలా ఉండే కీల్ వెనక దాచుకోవచ్చని రెండు రెక్కలే చాలనేవాళ్ళు మరికొందరు. వీళ్ళు ఇరుసు మీద రంగుతో గీత పెట్టుకుని, గాలి రాగానే కిందికి దిగి గీత చూస్తారు. తెరచాప ఎత్తాక ప్రొపెల్లరును ఆపాలా తిరగనివ్వాలా అన్నది ఇంకో వాదం. గ్లాస్గోలోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయంలో కొలిచి చూసి, తిరగనిస్తేనే లాగుడు తక్కువని తేల్చారు. కానీ కొన్ని గేర్‌బాక్సులు అలా తిరగడాన్ని ఓర్చుకోవు, కాబట్టి గేర్‌బాక్సు పుస్తకం చెప్పినట్టు వినాలి.

నా సిద్ధాంతం చెబుతాను. జులైలో చెసపీక్ బేలో మధ్యాహ్నం గాలి ఊపిరి బిగబడుతుంది, సగం ప్రయాణం ఇంజను మీదే. పందేలకు పోయేవాడికి అర నాట్ ప్రాణం. నాకు రేవులో పక్కవాడి పడవకు తగలకుండా ఆగడం ప్రాణం, దానికి మూడు రెక్కలున్న నిలకడైన ప్రొపెల్లరు వెనక్కి గేరులో ఇచ్చే పట్టు కావాలి. ముడుచుకునేదాని ధరకు నాకు రెండు వేసవుల డీజిలూ, ఒక కొత్త తెరచాపలో సగమూ వస్తాయి.

బిగించే నట్ల విషయంలో కూడా రెండు శాఖలున్నాయి. పలచ నట్టు ముందా, మందం నట్టు ముందా అని. పలచది ముందు, దాని మీద మందంది. రెండోది బిగించగానే భారమంతా దాని మీదికి పోతుంది గనక. చాలా పడవల్లో తలకిందులుగా ఉంటుంది.

విశేషాంశము

పురి కాదు గానీ, మర చుట్టు తగ్గితే వేగం పెరగడం ఈ విద్య పుట్టుకలోనే ఉంది. 1837లో లండన్‌లో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ రెండు పూర్తి చుట్లున్న కర్ర మరను పడవకు బిగించి కాలవలో పరీక్షిస్తుండగా, అది దేనికో తగిలి సగం విరిగిపోయింది. మిగిలిన ఒక్క చుట్టుతో పడవ వెనకటి కన్నా వేగంగా పోయింది. ఎనిమిదేళ్ళ తర్వాత బ్రిటిష్ నౌకాదళం మర ఉన్న రాట్లర్‌నూ, చక్రాలున్న అలెక్టోనూ తోకకు తోక కట్టి లాగిస్తే రాట్లర్ గెలిచింది.

తాత్పర్యము

ప్రొపెల్లరును విప్పి బాల్టిమోర్ దారిలో ఉన్న ఒక ప్రొపెల్లర్ల దుకాణానికి తీసుకెళ్ళాను. దుకాణదారు ముందు దాన్ని తాడుకు వేలాడదీసి చిన్న సుత్తితో తట్టాడు. గుడి గంటలా మోగి, మోత చాలాసేపు నిలిచింది. కంచులోంచి జింకు కరిగిపోయి ఉంటే కుండ పగిలిన శబ్దం వస్తుందట, లోహం గులాబీ రంగుకు తిరుగుతుందట. ఇది ఆరోగ్యంగానే ఉంది. కొత్తది కొనక్కర్లేదన్నాడు. రెక్కలు ఒత్తి పురి రెండంగుళాలు తగ్గించి, పిచ్ అంగుళం తగ్గితే ఇంజను సుమారు రెండొందల చుట్లు పుంజుకుంటుందని చెప్పాడు. తర్వాత పోగర తీసుకుని 12 మీద అడ్డగీత కొట్టి పక్కన 10 పొడిచాడు.

ఏప్రిల్లో పడవ నీళ్ళలో దిగింది. సెవర్న్ నది నోట్లో, అద్దంలా ఉన్న నీటిలో, త్రాటిల్ మొత్తం తోశాను. 2900. పొగ లేదు. ఏడాదిపాటు నేను తప్పు చదివిన 15 ఆర్.హెచ్. 10 ఇప్పుడు నాభి మీద ఉన్న శుద్ధపాఠం.